సీస్తాన్ కాగితాలు

నా అంత భక్తిపరుడు లేడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే హమీదుద్దీన్ సాబ్ కొంప ముంచాను.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. దోహాలో చమురు డబ్బు పొంగుతోంది. పాత ఇళ్ళు కూలగొట్టి రోడ్లు వేస్తున్నారు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పాతపేటలో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేను కోరుట్ల నుంచి వచ్చిన కూలీని. ఆయన హైదరాబాద్‌లో ఫార్సీ చెప్పిన పంతులు, మా కంపెనీలో టైమ్‌కీపర్. డ్యూటీ దిగగానే స్నానం చేసి, పెదాలు కదుపుతూ ఏదో రాసేవాడు. ఉర్దూ అక్షరం ముక్క రాని నేను కురాన్ నకలు రాస్తున్నాడనుకున్నాను. అడగొచ్చుగా? అడగలేదు.

ఆయన కళ్ళ ఆపరేషన్‌కని ఆస్పత్రిలో ఉన్న వారంలోనే మా ఇల్లు కూడా కూలగొడతామని గది ఖాళీ చేయమన్నారు. మనిషికి ఒక్క సంచి, మిగతాదంతా చెత్త లారీలోకి. ఫోర్‌మన్ ఆయన రేకుపెట్టె ఎత్తబోతే అడ్డం పడ్డాను. దేవుడి రాత చెత్తలో పడితే ఆ పాపం ఎవరికి? చేతులు కడుక్కుని, కాగితాలన్నీ కొత్త తువ్వాలులో చుట్టి మసీదులో ఇచ్చాను. పాతబడ్డ పవిత్ర కాగితాలను మర్యాదగా కాల్చి, బూడిద సముద్రంలో కలుపుతారని విన్నాను. అలాగే చేశారు.

సాబ్ నల్లద్దాలతో, కంపెనీ మమ్మల్ని మార్చిన కొత్త క్యాంపుకు వచ్చాడు. జరిగిందంతా గర్వంగా చెప్పాను.

“ఒక్క కాయితం గూడ కింద పడనియ్యలే సాబ్.”

ఆయన మంచం మీద కూలబడ్డాడు.

“అది కురాన్ గాదు రాజేశం. సీస్తాన్ చరిత్ర. ఇరాన్‌కు తూర్పు కొసకుంటది, మా తాతల దేశం. ఏడాదిల నూట ఇరవై దినాలు గాలే. నది దారి మార్చుకుంటే ఊర్లకు ఊర్లు ఇసుకల కలిసినయ్. పదకొండేండ్లు రాసిన. ఇంకో నకలు లేదు.”

నాకు చచ్చిపోవాలనిపించింది. నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

ఆపరేషన్ ఫలించలేదు. ఆయన ఇక చదవలేడు, రాయలేడు. శుక్రవారం నాడు నన్ను నోటుబుక్కు తెమ్మన్నాడు.

“నేను జెప్త, నువ్వు తెలుగుల రాయి. ముందుగాల ఇసుకల పోయిన ఊర్ల పేర్లు. మొత్తం నలభై రెండు. ఒక్కో పేరు ఒక్కో పాత కితాబుల దొరికింది.”

మూడో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ రాశాను. జరంజ్. బుస్త్. కర్‌కూయ. సాబ్ ఆగాడు. పెదాలు కదిలాయి గానీ నాలుగో పేరు రాలేదు. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం జుమ్మా నమాజుకు పిలుపు వినిపించినా ఆయన లేవలేదు.

“ఇగ రావు,” అన్నాడు చివరికి. “బుక్కు మూసెయ్ బేటా.”

గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు ఊళ్ళను ఇసుక తీసుకుంది. మిగతా ముప్పై తొమ్మిదింటినీ కాల్పించింది నేనే.