ఎదుటి పక్షం

మా ఆయన భాస్కరరావు గారు ఏలూరు వక్తృత్వ సంఘానికి కార్యదర్శి. పదిమందిలో లేచి నిలబడ్డారంటే గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడగలరు. ఇంట్లో మాత్రం మజ్జిగ కావాలంటే గ్లాసు కాస్త ముందుకు జరుపుతారు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ గ్లాసు భాష నాకు బాగానే వంటబట్టింది.

నన్ను ఆ సంఘంలో చేర్పించింది కూడా ఆయనే. అంతకు ముందు ఏడాది మాకు ఒక పిల్లాడు పుట్టి మూడో రోజున పోయాడు. పురిటి జ్వరంలో నాకు ఒళ్ళు తెలియలేదు. తెలివి వచ్చేసరికి పక్కలో ఎవరూ లేరు. ఇక పిల్లలు పుట్టరని ఆస్పత్రిలో లేడీ డాక్టరు చెప్పింది. నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. లేచాక వంట చేశాను, ముగ్గు వేశాను, ఎవరైనా పలకరిస్తే ఊఁ కొట్టాను. చూడవచ్చిన వాళ్ళు "పాపం, అచ్చాయమ్మ రాయైపోయింది" అనుకుంటూ వెళ్ళారు. రాయికి బరువైనా ఉంటుంది. నాకు అదీ లేదు.

"ఇలా ఇంట్లోనే కూర్చుంటే మనిషివి కావు. నలుగురిలోకి రా," అన్నారు మా ఆయన. ఆ ఏడే సంఘం వాళ్ళు శనివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు కేటాయించారు. కార్యదర్శి గారి భార్యే రాకపోతే బాగుండదు కదా! నా మంచికో, తన మర్యాదకో, పవర్‌పేటలో రీడింగ్‌రూము మేడమీదికి తీసుకెళ్ళి నన్నొక బెంచీ మీద కూర్చోబెట్టారు.

అక్కడ మాకు నేర్పేది సత్యానందం గారు. హెడ్‌మాస్టరు చేసి రిటైరైన మనిషి. ఒక ఇత్తడి చెంబులో చీటీలు వేసేవారు. ఎవరికి ఏ విషయం వస్తే దాని మీద గంట కొట్టేదాకా మాట్లాడాలి. పంచవర్ష ప్రణాళిక, రేడియో వల్ల లాభనష్టాలు, ఇలాంటివి. ఒకావిడకు గొంతు ఎండిపోయింది. ప్లీడరు గారి భార్యకు కళ్ళనీళ్ళే వచ్చాయి. నాకు "పల్లెటూరు మేలా, పట్నం మేలా" అని వచ్చింది. లేచి నిలబడ్డాను. గంట కొట్టేదాకా అలాగే నిలబడి, కొట్టాక కూర్చున్నాను. సిగ్గు కూడా వెయ్యలేదు.

"భయపడ్డావా అమ్మా?" అన్నారు సత్యానందం గారు.

"లేదండీ. చెప్పడానికేం లేకపోయింది."

"మరేం ఫరవాలేదు. మిగతావాళ్ళకు ముందు భయం పోగొట్టాలి. నీకు ఆ పని లేదు," అని సంతోషపడ్డారు. ఆయనకేం తెలుసు! భయపడాలన్నా లోపల ఎవరో ఒకరు ఉండాలి.

మూడో వారమో నాలుగో వారమో నోరు కదిలింది. కైకలూరు అవతల మా పుట్టిన ఊరి గురించి చెప్పాను. వానాకాలం కొల్లేరు పొంగి నీళ్ళు ఇంట్లోకి వస్తే మా నాన్న దోనెను వసారా స్తంభానికి కట్టేవాడు. కోళ్ళు కప్పు మీద, మేము అటక మీద. మా అమ్మ అటక మీదనుంచే అటు దోనె మీద ఒక కన్నేసి, ఇటు మా మీద ఒక కన్నేసి, మధ్యలో నీళ్ళను తిట్టేది. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు పక్కింట్లోంచి వినిపించినట్టు వినిపించింది. కానీ ఒకటి గమనించాను. నేను మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ విసనకర్ర ఊపలేదు.

ఆ తర్వాత మానలేదు. వాక్యం చివర మింగెయ్యకుండా పూర్తిగా పలకడం, వినిపించకపోతే అరవకుండా నిదానించడం, ఆఖరి బెంచీ వాళ్ళను చూస్తూ మాట్లాడడం, అన్నీ ఒక్కొక్కటే పట్టుబడ్డాయి. సత్యానందం గారికి అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. "నీ మాట చెప్పబోయే ముందు ఎదుటి పక్షం చెప్పు. వాళ్ళు చెప్పుకునేదానికంటే బాగా చెప్పు. వాళ్ళు తలలూపాలి. ఆ తర్వాతే నీది," అనేవారు. అందరికీ ఇది ఒళ్ళుమంట. సొంత పక్షం మీద వాళ్ళకు అంత మమకారం మరి. నాకు సొంత పక్షమంటూ లేదు గనుక ఎవరి పక్షమైనా తేలిగ్గా చెప్పేదాన్ని. సంఘంలో నన్ను మించినవాళ్ళు లేరన్నారు.

ఇలా ఉండగా మా అత్తగారు వెంకటనరసమ్మ గారు ద్వారకా తిరుమల వెళ్ళి, తిరుగు ప్రయాణంలో మా ఇంట్లో దిగారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, నాతో అసలు సంగతి చెప్పారు.

"ఉండి ఊరినుంచి ఒక సంబంధం వచ్చిందమ్మాయ్. పిల్ల బుద్ధిమంతురాలు. వాడికి చేద్దామనుకుంటున్నాం. నిన్నెవరూ పొమ్మనరు. ఇంట్లో పెద్దదానివి నువ్వే. వచ్చే గురువారం గూడెంలో మనింటికి పెద్దలొస్తారు. నలుగురి ముందూ నీకిష్టమేనని నోరారా చెబితే చాలు."

భార్య ఉండగా ఇంకో పెళ్ళి చేసుకుంటే కేసవుతుందని చట్టం వచ్చింది. కానీ ఆ భార్య ఫిర్యాదు చెయ్యనిదే కేసు నడవదని మా పెదమావగారు తాతారావు గారు కోర్టు దగ్గర ఎవరినో అడిగి తెలుసుకున్నారట. అందుకని నా మాట కావలసి వచ్చింది. తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో నా మాట కావలసి రావడం అదే మొదలు.

మా ఆయన వైపు చూశాను. ఆయన పేపరు మడత విప్పి లోపలి పేజీలోకి వెళ్ళిపోయారు.

కాదంటే పోవడానికి నాకు పుట్టిల్లు లేదు. నాన్న పోయాడు, తమ్ముడి ఇంట్లో వాడి పిల్లలకే చోటు చాలదు. ఔనంటే ఈ ఇంట్లోనే ఒక మూల ఉండాలి. ఈ రెండిట్లో నాకేది కావాలో ఎంత వెతికినా దొరకలేదు. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. శనివారం క్లాసయ్యాక సత్యానందం గారిని అడిగాను.

"సొంత పక్షం ఏదో తెలియకపోతే ఎలాగండీ?"

"లేచి నిలబడమ్మా. ఎదుటివాళ్ళది చెప్పడం మొదలుపెట్టు. అంతా చెప్పేశాక ఏదైనా మిగిలిందా, అది నీది," అన్నారు. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

గురువారం పొద్దుటి బండికి తాడేపల్లిగూడెం వెళ్ళాం. దారి పొడుగునా మా ఆయన ధాన్యం ధరల గురించీ, కాలవలు కట్టేసే తేదీ గురించీ మాట్లాడారు. ఆ ఒక్క విషయం తప్ప ప్రపంచంలో ఉన్నవన్నీ మాట్లాడారు.

వసారాలో బల్లల మీద పెద్దలు కూర్చున్నారు. నడుమ చేతుల కుర్చీలో తాతారావు గారు. ఆయన పక్కన ఉండి నుంచి వచ్చిన పిల్ల తండ్రి, కండువా ఒళ్ళో పెట్టుకుని, సన్నగా, నీరసంగా ఉన్న మనిషి. ఆడవాళ్ళం తలుపు లోపల నిలబడ్డాం.

"అమ్మాయ్, మరేం లేదు. నలుగురూ వినేట్టు ఓ మాట అనెయ్యమ్మా. నీకు సమ్మతమేనా?" అన్నారు తాతారావు గారు.

తలుపు చాటునుంచి ఊఁ అంటే సరిపోయేది. నేను గడప దాటి వచ్చి నిలబడ్డాను. అలవాటు కొద్దీ "సభకు నమస్కారం" అనేశాను. ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయన తల వంచుకున్నారు.

"పెద్దలు నన్నొక మాట అడిగారు. ముందు పెద్దల మాట చెబుతాను," అని మొదలుపెట్టాను. "నాకు పిల్లలు పుట్టరు. డాక్టరు చెప్పింది, అందులో అబద్ధం లేదు. ఈ ఇంటికీ, ఉన్న పొలానికీ ఒక పిల్లాడు కావాలని మా అత్తయ్య గారు అనుకోవడం తప్పు కాదు. మనవణ్ణి ఎత్తుకోవాలని ఏ ఆడదానికి ఉండదు? మావారు నన్ను ఇన్నేళ్ళలో ఒక్క కటువు మాట అనలేదు. వీళ్ళు నన్ను పుట్టింటికి తోలెయ్యలేదు. ఇకముందు కూడా నా తిండికీ బట్టకీ లోటు చెయ్యరు. పైగా ఇది ఈ ఇంటికి కొత్త కాదు. అత్తయ్య గారు కూడా రెండో భార్యగానే ఈ గడప తొక్కారు. ఆవిడ రాకపోతే మావారు లేరు. ఈ పొలం చూసుకునే దిక్కు లేదు. ఇవాళ ఈ సభే లేదు."

తలలు ఊగుతున్నాయి. పిల్ల తండ్రి మొహంలోకి కాస్త కళ వచ్చింది. నా వెనక అత్తగారు ముక్కు చీదుతున్న చప్పుడు వినిపించింది. నిజం చెప్పాలంటే అంతా విన్నాక నాకూ అదే న్యాయంగా తోచింది. ఇంకా ఏదైనా మిగిలిందా అని లోపల వెతుక్కుంటూ ఒక్క క్షణం ఆగాను.

ఆ ఆగడమే ముంచేసింది. తాతారావు గారు తొడ చరిచారు.

"శభాష్! విన్నారుగా అందరూ? బంగారం లాంటి పిల్ల. అమ్మాయి ఒప్పుకుందిరా భాస్కరం! ఏవర్రా, తాంబూలాలు తీసుకురండి!"

సిద్ధంగా ఉంచినట్టున్నారు, పళ్ళెం వెంటనే వచ్చింది. తమలపాకులు నా భుజం పక్కనుంచి వెళ్ళి పిల్ల తండ్రి ముందు ఆగాయి. ఆయన చేతులు చాపాడు.

"ఇంకా అవ్వలేదండీ, మావయ్య గారూ," అన్నాను. "కూర్చోండి."

అరవలేదు. ఆఖరి బెంచీదాకా వినిపించేట్టు అన్నాను, అంతే. తాతారావు గారు కూర్చున్నారు. కూర్చున్నాక ఎందుకు కూర్చున్నానా అన్నట్టు అటూ ఇటూ చూశారు.

"అత్తయ్య గారి కంటే ముందు ఈ ఇంటికి వచ్చినావిడ ఒకరుండేవారు. నేను కాపురానికి వచ్చేటప్పటికి పెరటి గదిలో ఉండేవారు. రోజూ నేనే అన్నం తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. ఆ ఏడే పోయారు. ఆవిడ పేరేమిటండీ?"

తాతారావు గారు సొంత మరదలి పేరు కోసం దూలాల వైపు చూశారు. అక్కడ లేదు.

"నాకూ తెలీదండీ. ఇంట్లో అందరూ పెద్దావిడ అనేవారు, నేనూ అలాగే అన్నాను. ఆవిడకి తిండికీ బట్టకీ లోటు లేదు. నేను ఆ గదిలోకి వెళ్ళను. ఈ పెళ్ళి నాకు సమ్మతం కాదు. కాదని చేస్తే ఏలూరు కోర్టులో ఫిర్యాదు ఇస్తాను. ఇదీ నా పక్షం."

చెప్పేదాకా అది నాదని నాకే తెలియదు. చెప్పాక కూడా ఏమీ అనిపించలేదు.

"సత్తెమ్మ."

తలుపు వెనకనుంచి మా అత్తగారు అన్నారు. "మా అక్క పేరు సత్తెమ్మ." అనేసి లోపలికి వెళ్ళిపోయారు.

పిల్ల తండ్రి లేచి కండువా భుజాన వేసుకున్నాడు. "మా పిల్లని కోర్టుల పాలు చెయ్యలేనండీ. ఏవనుకోకండి," అన్నాడు. పళ్ళెం వచ్చిన దారినే లోపలికి పోయింది. తాతారావు గారు మా ఆయనతో, "నీ పెళ్ళానికి మాటలు నేర్పించుకున్నావురా. ఇక కూర్చుని విను," అని చెప్పుల కోసం వెతుక్కున్నారు.

సాయంత్రం పాసింజరుకు తిరిగి బయలుదేరాం. పెట్టెలో మా వైపు ఇంకెవరూ లేరు. మా ఆయన ఈసారి ధాన్యం గురించి మాట్లాడలేదు. చేబ్రోలు దాటాక అన్నారు.

"ముందే నాతో ఓ మాట చెబితే సరిపోయేది కదా. పదిమందిలో ఇలా..."

"మీరు నన్ను అడగలేదండీ."

పొట్టిగా, తిరుగులేకుండా వచ్చింది ఆ జవాబు. సంఘంలోనైతే చప్పట్లు కొట్టేవారు. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆయన కిటికీలోంచి చేలను చూస్తూ కూర్చున్నారు.

"నువ్వు మాత్రం నన్నడిగావా?" అన్నారు.

"ఏమడగాలండీ?"

"పిల్లాడి సంగతి. నీకు ఒళ్ళు తెలియని మూడు రోజులూ వాణ్ణి నేనే ఎత్తుకున్నాను. ఆఖరికి తీసుకెళ్ళిందీ నేనే. ఇంటికొచ్చాక ఎవరైనా ఒక్క మాట అడుగుతారేమోనని చూశాను. అందరూ నిన్నే పలకరించారు. కనీసం నువ్వైనా అడుగుతావనుకున్నాను."

అది సభల్లో మాట్లాడే గొంతు కాదు. నేను ఎప్పుడూ విననిది. పొద్దున అంతమంది పక్షం చెప్పినదాన్ని, ఈయన పక్షం ఒకటుంటుందని నాకు తట్టనే లేదు. సిగ్గేసింది. తిమ్మిరెక్కిన కాలు నేల మీద మోపినప్పుడు ఉన్నట్టుగా గుండెల్లో నొప్పి మొదలైంది. ఇన్నాళ్ళూ ఎక్కడుందో తెలియని నొప్పి.

"ఎలా ఉండేవాడండీ?" అన్నాను. "ఎవరి పోలిక?"

ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. మళ్ళీ తెరిచారు. భీమడోలులో బండి ఆగింది, ఎవరో ఎక్కబోయి మమ్మల్ని చూసి పక్క పెట్టెకు వెళ్ళారు. బండి కదిలాక ఆయన చెయ్యి చాపి నా చెవి తమ్మెను వేలితో తాకారు.

"ఇవే," అన్నారు.