వదిన అప్పజెప్పిన బెగోనియా

వదిన మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ తన ఇంటి వరండాలోని బెగోనియాను నాకు అప్పజెప్పింది. అది మా అమ్మ పెంచిన మొక్క. అమ్మ పోయాక తొమ్మిదేళ్లుగా వదినే దాన్ని చూసుకుంటోంది. ఏటా చలికాలంలో దుంప తీసి ఆరబెట్టి, ఎండలు మొదలవగానే మళ్లీ వేలాడే కుండీలో నాటుతుంది.

"మట్టిలో వేలు పెట్టి చూడు. తడి తగిలితే నీళ్లు పొయ్యకు," అంది. "మీ అన్నయ్యకి చెబితే కుండీతో సహా మాయం చేస్తాడు."

మూడో వారం ఆకులు పసుపురంగుకు తిరిగి రాలాయి. నీళ్లు చాలడం లేదనుకున్నాను. కుండీ లోపల పరిచిన కొబ్బరిపీచు అంచుల్లో ఎండినట్టే కనిపించింది. వేలు పెట్టలేదు. రోజుకి రెండు చెంబులు పోశాను. పది రోజులకి కాడ పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. మట్టి తవ్వితే దుంప చేతిలోనే నలిగిపోయింది. ముక్కు మూసుకుని చెత్తబండిలో పడేశాను.

నర్సరీలో అలాంటిదే ఎర్ర ముద్దపూల బెగోనియా దొరికింది.

"ఇది దుంప రకం కాదమ్మా, వేళ్ల రకం. చలిలోనూ పూస్తుంది," అన్నాడు నర్సరీ అతను.

పూస్తే చాలనుకున్నాను. అదే కుండీలో నాటాను.

వదిన ఊతకర్రతో వచ్చి, వరండాలో కుర్చీలో కూర్చుని పైకి చూసింది.

"ఇదేంటే, ఈపాటికి ముసుగుతన్ని పడుకోవాలి కదా! నా దగ్గర ఎప్పుడూ ఇలా పూయలేదు. నీ చెయ్యి మంచిది."

"ఏదోలే వదినా."

"దించు, దుంప తీసి ఆరబెడదాం. మొలక కనిపించగానే ఈసారి రెండు ముక్కలు చేస్తాను. ఒకటి నీకు. మీ అమ్మది నీ ఇంట్లో లేకపోతే ఎలా?"

ఒళ్లో పాత పేపరు పరుచుకుంది. స్టూలెక్కి కుండీ దించాను. దిగి నేల మీద పెట్టాను.

"ఇందులో దుంప లేదు వదినా."

చెంబుల లెక్కతో సహా చెప్పాను.

"మొత్తం కుళ్లిందా?"

"మెత్తగా ఉంది."

"కోసి చూశావా? మూడేళ్ల కిందట సగం కుళ్లితే, గట్టిగా ఉన్న ముక్క కోసి బతికించాను."

"చూడలేదు."

వదిన పేపరు మడిచింది.

"తగిలించు దాన్ని. పూస్తున్నదాన్ని ఏం చేస్తాం."

"నీళ్లు పొయ్యనా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"వేలు పెట్టి చూడు."

పెట్టాను. తడిగా ఉంది.