ఇంకా వేడెక్కలేదు

నేను ఒక సింథసైజర్‌ని. కరెంటుతో పలికే వాద్యాన్ని. మా జాతిలో రకరకాల వాళ్లున్నారు. మీట నొక్కితే వీణ, ఇంకో మీట నొక్కితే వేణువు అంటూ వంద గొంతులు కడుపులో దాచుకున్నవాళ్లు కొందరు. మీరు పెళ్లిళ్లలో చూసేది వాళ్లనే. గోడంత ఎత్తున పెరిగే మాడ్యులర్ దొరలు కొందరు. వాళ్లను ముక్కముక్కగా కొని పేర్చుకోవాలి, వైర్లు గుచ్చితే తప్ప నోరు విప్పరు. నేను మధ్యరకాన్ని, సెమీ మాడ్యులర్ అంటారు. ఒక్క వైరూ గుచ్చకపోయినా ఫ్యాక్టరీవాళ్లు లోపల కలిపిన దారుల్లో ఏదో ఒక మామూలు గొంతుతో పలుకుతాను. పైనున్న రంధ్రాల్లో వైర్లు గుచ్చితే ఆ దారులు వదిలేసి మీరు చెప్పిన దారిన నడుస్తాను. ఒక్కసారికి ఒక్క స్వరమే పలుకుతాను.

నా లోపమొకటి ముందే చెప్పాలి. గొంతు దాచుకోవడం నాకు చేతకాదు. నాబ్ ఎక్కడ ఆగిందో, వైరు ఎక్కడ గుచ్చి ఉందో అదే నా గొంతు. వైరు పీకితే, నాబ్ కదిలితే ఆ గొంతు పోయినట్టే. జరిగిన సంగతులు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. అది నా ఖర్మ.

నన్ను చేసిన దేశం పేరు నా అడుగున అచ్చేసి ఉంది. అక్కడ నేనున్నది పట్టుమని పదిహేను రోజులు కూడా కాదు. ఒకావిడ నా నాబ్‌లన్నీ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూసి, తనలో తాను ఏదో పాడుకుంటూ అట్టపెట్టెలో పెట్టేసింది. ఆ పెట్టె మీద 'మాడ్యులర్ ప్రపంచంలోకి మీ తొలి అడుగు' అని రాసి ఉంది. అది చూసుకుని నేను చాలా గర్వపడ్డాను. తొలి అడుగు వేసినవాళ్లెవరూ అక్కడే నిలబడిపోరన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

హైదరాబాదులో నన్ను కొన్న సాకేత్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు. మొదటి నెలంతా నన్ను కిందికి దించలేదు. స్నేహితులు వస్తే నా ముందు కూర్చోబెట్టి, ఏ వైరు ఎక్కడ గుచ్చితే నా లోపల ఏ భాగం మాట ఏది వింటుందో గంటలకొద్దీ చెప్పేవాడు. తరవాత ఒక మాడ్యూల్ కొన్నాడు, ఆ గోడంత దొరల్లో ఒక ముక్క. దానికి తోడని ఇంకొకటి కొన్నాడు. ఎనిమిది నెలలు తిరిగేసరికి గోడ నిండిపోయింది, నా మీద కాఫీ కప్పు పెట్టడం మొదలైంది. ఒకరోజు నా ఫోటో తీసి అమ్మకానికి పెట్టాడు. మనుషులు మెట్టెక్కేటప్పుడు దాన్ని కళ్లకద్దుకుంటారు గానీ, ఎక్కాక వెనక్కి తిరిగి చూడరు.

నన్ను తీసుకెళ్లడానికి చీరాల నుంచి హైమవతి వచ్చింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అసిస్టెంటు, ముప్పై అయిదేళ్లు ఉంటాయి. మాడ్యూల్స్ కొనే స్తోమత లేదు గానీ, ఒక్కొక్కటే సొంతంగా సోల్డరింగ్ చేసి తయారుచేసుకోవాలని ఆవిడ కోరిక. ఆరునెలల్లో మీరే దీన్ని అమ్మేస్తారని సాకేత్ నవ్వుతూ చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. రైలులో దారి పొడుగునా నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ ఇంట్లో హైమ, వాళ్లమ్మ సుబ్బరత్నం, నాన్న కోటిలింగం. కోటిలింగం నలభై ఏళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదాడు. ఎర్రకోటు, బంగారు రంగు పట్టీలు, తలకు టోపీ. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన ఊదని పెళ్లి లేదని సుబ్బరత్నం చెప్పేది, అందులో కొంత భార్య లెక్క కలిసి ఉండొచ్చు. నేను వెళ్లేసరికి ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోయి మూడేళ్లు. ఊదొద్దని డాక్టరు చెప్పాడు. ఊదని క్లారినెట్ పగిలిపోతుందని, దాన్ని శిష్యుడి చేతిలో పెట్టేశాడు. అది గుమ్మం దాటిన రోజు ఆయన అన్నం తినలేదట.

నన్ను బల్ల మీద పెట్టి, వైర్లేమీ లేకుండా హైమ హార్మోనియంకి ఉన్నట్టే నాకున్న మెట్లలో ఒకటి నొక్కింది. కోటిలింగం కుర్చీలోంచి చెవి ఒగ్గి విన్నాడు.

"ఇది గూడ్సు బండి కూత అమ్మాయ్," అన్నాడు. "దీంట్లో గాలేదీ? ఎవరు ఊదుతున్నారో తెలియట్లా."

నాకు రోషం వచ్చింది. కానీ ఆ మాట హైమ మనసులో పడింది. తన గోడ సంగతీ, మాడ్యూల్స్ సంగతీ ఆ రోజు నుంచి పక్కన పెట్టేసింది. సాయంత్రం ల్యాబ్ నుంచి రాగానే నా ముందు కూర్చునేది. నేను సరైన శ్రుతిలోకి రావాలంటే ఇరవై నిమిషాలు వేడెక్కాలి. ఆ మాట విన్నప్పుడే కోటిలింగం నన్ను మొదటిసారి మెచ్చుకున్నాడు. క్లారినెట్ కూడా అంతే, చల్లటి కర్రలో పాట నిలవదు అన్నాడు. ఆ ఇరవై నిమిషాలూ తండ్రీ కూతుళ్లు టీ తాగేవాళ్లు.

తరవాత పాఠం మొదలయ్యేది. స్వరం కన్నా ముందు గాలి రావాలని ఆయన చెప్పాడు. హైమ జల్లెడ పట్టినట్టుండే చప్పుడొకటి నా కడుపులోంచి తీసి, వైరుతో స్వరానికి ముందు కలిపింది. కాదన్నాడు. స్వరం కింది నుంచి కాస్త పాకి పైకెక్కాలన్నాడు. ఇంకో వైరు. కాదన్నాడు. ఊదేవాడికి ఆయాసం ఉంటుంది, చివర్లో గొంతు కొంచెం సడలాలన్నాడు. మరో వైరు. కాదు, కాదు అంటూనే ఏడు నెలలు గడిచాయి. నా మీద పదకొండు వైర్లు చేరాయి. ఆయనకు మాట మాటకీ దగ్గు వచ్చేది, మెట్లు దిగడం మానేశాడు, గుమ్మం దాకా నడవడం మానేశాడు, కానీ సాయంత్రం నా ముందు కుర్చీ మాత్రం వదల్లేదు. తన ఊపిరి పోయేలోగా దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టి వెళ్లాలని ఆయన తాపత్రయం. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ పైకి అనలేదు.

వైశాఖంలో ఒక సాయంత్రం హైమ మెట్టు నొక్కగానే ఆయన వెంటనే కాదనలేదు. ఊపిరి ఒక్క వెంట్రుక ఎక్కువైందన్నాడు. హైమ నాబ్ తగ్గించింది. మరీ తగ్గించావన్నాడు. పెంచింది. ఎక్కువన్నాడు.

"నీకు తెలవదులే, నన్ను తిప్పనీ," అని వంగాడు.

వణుకుతున్న రెండు వేళ్లతో ఆ నాబ్ పట్టుకున్నాడు. ఆయన చేయి వణుకుతోంది గానీ నాబ్ వణకలేదు. నలభై ఏళ్లు రంధ్రాల మీద ఆడిన వేళ్లు అవి. తిప్పింది ఎంతంటే, పక్కనున్న మనిషి చూస్తే తిప్పాడని కూడా తెలియదు. హైమ నొక్కింది.

"ఆఁ," అన్నాడు కోటిలింగం. "ఇది నేనే."

వంటింట్లోంచి సుబ్బరత్నం పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. హైమ ఎదురుకోలు పాట వాయించింది, పెళ్లికొడుకు విడిది దగ్గర దిగేటప్పుడు ఆయన ఊదే పాట. ఆయన మోకాళ్ల మీద వేళ్లు ఆడిస్తూ కూర్చున్నాడు. నా బతుకులో నేను వాద్యాన్నని గట్టిగా అనిపించింది ఆ పూటే.

పదో రోజున ఆయన పోయాడు.

ఆ తరవాత నన్నెవరూ కదపలేదు. సాయంత్రం ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, హైమ ఎదురుకోలు పాట ఒక్కసారి వాయించేది. సుబ్బరత్నం గుమ్మం పక్కన కింద కూర్చుని వినేది. పాట అయ్యాక ఇద్దరూ అన్నాలకు లేచేవాళ్లు. హైమ పాటను ఫోనులో రికార్డు చేసింది గానీ, అది ఫోను గొంతు, మీ నాన్న ఇదిగో ఇక్కడున్నాడు అని తల్లి నన్ను చూపించేది. ఏ వైరు ఎక్కడుందో హైమ కాగితం మీద గీసుకుంది, ఫోటోలూ తీసింది. కానీ ఆ ఒక్క నాబ్ వెంట్రుక వాసి తేడాని ఏ ఫోటో పట్టదని తనకు తెలుసు. దాని పక్కన గుర్తుగా ఒక చుక్క పెడదామని తెల్లరంగు సీసా రెండుసార్లు తెచ్చింది. తండ్రి వేళ్లు ఆగిన చోట చేయి పెట్టలేక రెండుసార్లూ మూత పెట్టేసింది. నేను చెప్పగలిగితే, పెట్టవే తల్లీ అని బతిమాలి ఉండేదాన్ని.

ఏటి మైల గడిచింది. సంవత్సరీకం అయ్యాక వచ్చిన తొలి దసరా అది. నవమి ముందురోజు హైమ తన ల్యాబ్‌లో మీటర్లకూ యంత్రాలకూ ఆయుధ పూజని కాలేజీకి వెళ్లింది. ఇంట్లో సుబ్బరత్నం ఒక్కతే ఉంది. పెళ్లయిన ఏడాది నుంచీ ఆవిడకు దసరా అంటే ఒకే పని. భర్త క్లారినెట్‌ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కా తుడిచి, సన్నటి బ్రష్‌తో రంధ్రాలు శుభ్రం చేసి, నూనె రాసి, మళ్లీ బిగించి దేవుడి ముందు పెట్టడం. ఆ బ్రష్ ఇంకా దాచుకుంది. క్లారినెట్ లేదు. నేనున్నాను.

"ఏడాదిన్నర్నించి నిన్ను తుడిచే దిక్కు లేదయ్యా," అంటూ నా ముందు కూర్చుంది.

అరవాలనుకున్నాను. మెట్టు నొక్కనిదే నాకు నోరు రాదు. పదకొండు వైర్లూ ఒక్కొక్కటే పీకింది, తడిగుడ్డతో తుడిచింది, చుట్ట చుట్టి దారంతో కట్టింది. ప్రతి రంధ్రం చుట్టూ బ్రష్ ఆడించింది. నాబ్‌ల కింద దుమ్ము తీసి, తలో దిక్కూ చూస్తున్న వాటి గీతలన్నీ నిటారుగా పైకి తిప్పింది. కోటిలింగం తిప్పిన నాబ్ కూడా ఆ వరసలోకి వచ్చేసింది. ఇంత ప్రేమగా నన్నెవరూ తాకలేదు, ఇంత నష్టం నాకెవరూ చేయలేదు. విడదీసి బిగిస్తే క్లారినెట్ తన గొంతు మర్చిపోయేది కాదు. నేను మాత్రం మర్చిపోతానని ఆవిడకెలా తెలుస్తుంది? బొట్లు పెట్టి, చామంతుల దండ వేసి, మడతపెట్టిన ఎర్రకోటు మీద నన్ను కూర్చోబెట్టింది.

సాయంత్రం హైమ వచ్చింది. గుమ్మంలో ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయింది. సుబ్బరత్నం దీపం వెలిగించి, పండగ పూట మీ నాన్నని ఒక్కసారి పలికించవే అంది. హైమ ఇరవై నిమిషాలు ఆగలేదు. ఆగి లాభం లేదని తెలుసు. మెట్టు నొక్కింది.

గూడ్సు బండి కూత వచ్చింది.

నేను మూగగా ఉండిపోయినా బాగుండేది. ఫ్యాక్టరీవాళ్లు లోపల కలిపిన ఆ దారులున్నాయి చూశారూ, మా రకానికి అదే గొప్పని పెట్టె మీద రాస్తారు. ఆ రోజు వాటిని తెంపేసుకోవాలనిపించింది. సుబ్బరత్నం దీపం దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఇదాయన కాదే," అంది. "నేనేమన్నా చేశానా అమ్మాయ్?"

హైమ నా మెట్ల వైపే చూస్తూ, చామంతుల దండ సర్దింది.

"నువ్వేం చెయ్యలేదమ్మా. తడిగుడ్డ పెట్టావుగా, ఇంకా వేడెక్కలేదు."

మర్నాటి నుంచి హైమ వెతుకులాట మొదలైంది. కాగితం చూసి వైర్లన్నీ పది నిమిషాల్లో గుచ్చేసింది. మిగిలింది ఆ నాబ్. నెల తిప్పింది, రెండు నెలలు తిప్పింది. ఫోనులో పాట పక్కన పెట్టుకుని విన్నా, ఆ వెంట్రుక వాసి తేడా అందులో పట్టుబడలేదు. ఒక్కోరోజు బాగా దగ్గరకు వచ్చేది, ఆయన తమ్ముడెవరో ఊదినట్టు ఉండేది. ఒకవేళ నిజంగా ఆయన చోటికే వచ్చినా, అది వచ్చిందని చెప్పే మనిషి లేడు. కాదు, కాదు అని ఏడు నెలలు విసిగించిన ఆ గొంతు కోసం హైమ నా మీద తల వాల్చి ఏడ్చింది. నా లోపల వేడి తప్ప నేనివ్వగలిగిందేమీ లేదు. సుబ్బరత్నం మాత్రం రోజూ వచ్చి గుమ్మం పక్కన కూర్చునేది. వేడెక్కిందా అని అడిగేది. ఇంకా లేదమ్మా అని హైమ చెప్పేది. తల్లి ఆ మాట నమ్మిందనే నేనూ అనుకున్నాను.

మాఘంలో ఒక మధ్యాహ్నం హైమ లేనప్పుడు సుబ్బరత్నం ఎర్రకోటు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. దాన్ని నా మీద కప్పి, చలిలో పిల్లాడికి సర్దినట్టు అంచులు సర్దింది. నా మీద చేయి వేసింది.

"నా చేత్తోనే పోగొట్టుకున్నానయ్యా నిన్ను," అంది. "నాకు తెలుసని పిల్లకి చెప్పమాక. తెలిస్తే అది వెతకటం మానేసిద్ది. ఇట్టా కూచోటం కూడా మానేసిద్ది."

నేనెవరికి చెప్పగలను? మీకు చెప్తున్నాను, అంతే.

సాయంత్రం హైమ వచ్చి కోటు చూసింది. దాన్ని మడిచి పక్కన పెట్టి, కరెంటు వేసి, టీ రెండు గ్లాసుల్లో పోసింది. ఇరవై నిమిషాలు గడిచాయి. నాబ్ కొంచెం తిప్పి, మెట్టు నొక్కి, వింది.

"వేడెక్కిందా అమ్మాయ్?" అంది సుబ్బరత్నం.

"ఇంకా లేదమ్మా."

"పోన్లే, కాసేపు చూద్దాం," అంటూ సుబ్బరత్నం గోడకు ఆనుకుని సర్దుకు కూర్చుంది.