ఎస్తాన్ అంటే ఒక్కరు కాదు

ఆ శీతల గిడ్డంగిలో సామాన్ల గది కిటికీ వెనక కూర్చుని పానాలు, బోల్టులు ఇచ్చే ఆవిడను అందరూ స్టోరక్క అనేవారు. కొత్త యంత్రం బిగించడానికి స్పానిష్ మాట్లాడే మెకానిక్కులు ఇద్దరు వచ్చాక, సైగలతో వేగలేక ఆమె ఫోనులో ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది.

మూడు వారాలైనా బండి సర్వనామాల దగ్గరే కూరుకుపోయింది. ‘తూ’ అంటే నువ్వు, ‘ఉస్తేద్’ అంటే మీరు. ఇంతవరకు మనలాగే. తంటా ఏమిటంటే, వాళ్ళు చాలాసార్లు ఆ మాటలు పలకనే పలకరు. మనం “వచ్చాడు” అని ఊరుకున్నట్టే మనిషిని క్రియ చివర దాచేస్తారు. ‘ఎస్తా’ అంటే ఉన్నాడు, ఉంది. ‘ఎస్తాన్’ అంటే ఉన్నారు.

ఒకసారి ఆమె పెద్ద మెకానిక్కును ఉద్దేశించి మర్యాదగా “ఎస్తాన్” అంది. రెండోవాడు, పొడుగాయన, పకపకా నవ్వి ఒక వేలు చూపించాడు. “ఎస్తా!”

“తండ్రి వయసాయన్ని పట్టుకుని ఉన్నాడు అనాలా? ఇదెక్కడి భాషరా నాయనా!” అని ఆమె తనలో తనే గొణుక్కుంది.

ఆ మంగళవారం పదకొండింటికి లోపల అమ్మోనియా పైపు పగిలింది. ఘాటుకు కళ్ళు మండి జనం తలోదిక్కుకు పరుగెత్తారు. పొడుగాయన గోడ తడుముకుంటూ బయటపడి కుప్పకూలాడు. గేటు దగ్గర సూపర్‌వైజరు పేర్లు పిలిస్తే పెద్ద మెకానిక్కు ఒక్కడే తక్కువయ్యాడు. ఫైరింజను వాళ్ళు మాస్కులతో వెళ్ళి ఆయన్ని మోసుకొచ్చారు. అంబులెన్సు కదిలింది.

“అందరూ వచ్చేశారు. గ్యాసు వీధిలోకి రాకుండా తలుపులు మూసేసి నీళ్ళు కొట్టండి,” అన్నాడు సూపర్‌వైజరు.

నేలమీద పడుకున్న పొడుగాయన కళ్ళకు తడిగుడ్డ కట్టి ఉంది. గొంతు పూడుకుపోయింది. “ఎస్తాన్ దెంత్రో,” అన్నాడు. మళ్ళీ అదే మాట.

“ఏమంటున్నాడక్కా?”

“లోపల ఉన్నారంటున్నాడు సార్.”

“పెద్దాయన గురించేలే. కళ్ళకి గుడ్డ కట్టారుగా, బయటికి తెచ్చిన సంగతి తెలీదు.”

అదీ నిజమే కావచ్చు. ఉన్నారు అంటే మనకు ఒక్క పెద్దమనిషైనా కావచ్చు. తలుపు అప్పటికే సగం మూశారు. అప్పుడు ఆ ఒక్క వేలు గుర్తొచ్చింది. ఈ భాషలో గౌరవానికి బహువచనం లేదు.

“ఆపండి! పెద్దాయనైతే ఎస్తా అంటాడు. ఇతనేమో ఎస్తాన్ అంటున్నాడు. ఒక్కళ్ళు కాదు సార్!”

“నీ మూడు వారాల చదువు నమ్మి మనుషుల్ని మళ్ళీ ఆ గ్యాసులోకి పంపమంటావా?”

ఆమె పొడుగాయన చెవి దగ్గర కూర్చుంది. “ఎయోస్?” అంది. వాళ్ళా?

అతను తల అడ్డంగా ఊపాడు. “ఎయాస్.” రెండు వేళ్ళు ఎత్తాడు.

మనకు మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా వాళ్ళే. ఎయాస్ మాత్రం ఆడవాళ్ళే. ఆడవాళ్ళు ఇద్దరు. వెనక గేటునుంచి వచ్చి గదులు కడిగే కాంట్రాక్టు మనుషులు, అందరూ పిన్నీ, కోడలూ అని పిలిచే ఆ ఇద్దరు! వాళ్ళ పేర్లు సూపర్‌వైజరు పుస్తకంలో లేనే లేవు.

“కడిగేవాళ్ళు సార్! పిన్నీ, కోడలూ!”

“తెరవండి!” అని అరుస్తూ సూపర్‌వైజరు తలుపు దగ్గరికి తనే పరుగెత్తాడు.

ఫైరింజను వాళ్ళకు వాళ్ళను వెతికి తేవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఇద్దరూ చివరి గదిలో తలుపు సందుకు తడిచీర కుక్కుకుని, ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. కోడలు నడిచే వచ్చింది. పిన్ని పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. పెద్ద మెకానిక్కు కూడా కోలుకున్నాడు.

స్టోరక్క పలకరించడానికి వెళ్ళినప్పుడు పిన్ని బొంగురు గొంతుతో అడిగింది. “ఆ పొడుగాయన మా పేర్లు చెప్పాడా అమ్మా?”

“పేర్లు ఆయనకేం తెలుసు పిన్నీ. ‘వాళ్ళు’ అన్నాడంతే.”

“రోజూ పక్కనుంచే పోతాడు, కళ్ళెత్తి చూడడనుకున్నా,” అని పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. “అవునుగానీ, నీకు మా పేర్లు తెలుసా?” అంది.

స్టోరక్క సిగ్గుతో తల దించుకుంది. మంచం పక్కనున్న స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, “చెప్పు పిన్నీ,” అంది.