ఎవరికి రాస్తే వారికే

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, పిన్ని కంప్యూటర్ ముందు కూర్చునేది. మిగతా రోజుల్లో ఆమె ఆ తెర మీదే పుస్తకాల ప్రూఫులు దిద్దుతుంది. ఈగ కాలంత కామా ఎగిరిపోయినా ఆమె కంట పడాల్సిందే. ఆదివారం మాత్రం అదే తెర మీద అక్షరాలు తడిసిన కాగితం మీద సిరాలా అలుక్కుపోయేవి. అది హాస్టల్ నుంచి పిల్ల మెయిలు వచ్చే రోజు.

పిన్ని అంటే పిల్లకు పిన్ని. కన్నతల్లి పోయాక తండ్రి చేసుకున్న రెండో భార్య. పిల్లకు పాలపళ్ళు ఊడకముందే ఆ ఇంటికి వచ్చింది. జ్వరాలకు మేలుకుంది, జడలు వేసింది, హోంవర్కులో తప్పులకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది. ఇప్పుడా పిల్ల దూరపు ఊళ్ళో నర్సు శిక్షణలో ఉంది. హాస్టల్లో ఫోన్లు దగ్గర పెట్టుకోనివ్వరు. వారానికొకసారి లైబ్రరీలో కూర్చుని ఇంటికి మెయిలు రాసుకోవచ్చు.

మసక సంగతి తేల్చుకుందామని పిన్ని కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించింది. అతను తెర రిజల్యూషన్ సరిచేశాడు, అక్షరాల సైజు పెంచి మళ్ళీ తగ్గించాడు, కేబుల్ మార్చాడు. చివరికి తన ఫోన్ నుంచి ఆమెకో మెయిలు కొట్టాడు. అది సూదితో కుట్టినట్టు తేటగా కనబడింది.

"మిషన్ బంగారంలా ఉందమ్మా. ఎవర్ని తలుచుకుని రాస్తే వాళ్ళకే తేటగా కనిపిస్తుంది. దానికి సెట్టింగేమీ లేదు," అన్నాడు వైరు చుట్టుకుంటూ.

ఆ ముక్క ఎవరికి తెలియదు గనక? కంపెనీలు పంపే ప్రకటనలు లోకంలో ఎవరికీ కనబడవు, అందుకు ఎవరూ బెంగపెట్టుకోరు కూడా. అయినా పిన్ని పట్టుబట్టి మరింత పెద్ద తెర కొనిపించింది. మసక కూడా పెద్దదయింది.

పిల్ల తండ్రి రైలు గార్డు. ఇంట్లో ఉన్న ఆదివారాల్లో ఆయనకు మెయిలు సగం సగం కనిపించేది. "బాగానే ఉందట," అని స్నానానికి లేచిపోయేవాడు. మగవాళ్ళకు సగం చాలు.

పూర్తిగా కనిపించేది పెద్దమ్మకు. ఆమె పిల్ల కన్నతల్లికి తోడబుట్టిన అక్క, పై వాటాలో ఉంటుంది. కింద కంప్యూటర్ తెరిచారంటే చాలు, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడేది. "జరుగమ్మాయ్," అని కుర్చీ లాక్కుని గడగడా చదివేది. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి తనలో తను నవ్వుకునేది.

"నవ్వడానికేముందక్కా అందులో?"

"చెప్పినా నీకు తెలీదులే. అచ్చం వాళ్ళమ్మ పోలిక."

ఉండబట్టలేక పిన్ని ఒకసారి పాస్‌వర్డ్ మార్చేసింది. మర్చిపోయానక్కా అని పెద్దమ్మను గుమ్మంలోంచే పంపేసి, ముక్కు తెరకు తగిలేలా కూర్చుంది. మసక మసకలాగే ఉంది. పై ఆదివారమూ అంతే. ఆ తర్వాతి వారం తనే తలుపు తీసిపెట్టింది.

"గుర్తొచ్చిందా?" అంది పెద్దమ్మ.

"వచ్చింది."

చలికాలం మొదట్లో ఒక ఆదివారం పెద్దమ్మ ఎప్పటిలాగే కుర్చీ లాక్కుంది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఇదేమిటే, ఇవాళ నీళ్ళు చల్లినట్టుంది," అంది.

పిన్ని ఆమె భుజం మీదుగా తొంగి చూసింది. ప్రతి అక్షరమూ కొత్త అచ్చులా నిలబడి ఉంది. ముందు కలిగింది సంతోషమే, సిగ్గూ ఎగ్గూ లేని సంతోషం. రెండోసారి చదివితే గాని విషయం తలకెక్కలేదు.

పిల్ల వార్డులో ఒకరి మాత్ర ఇంకొకరికి ఇచ్చింది. రోగికి ప్రమాదమేమీ కాలేదు గాని, నింద తన గదిలో ఉండే స్నేహితురాలి మీద పడింది. ఆ అమ్మాయిని ఈ సాయంత్రం బస్సుకు ఇంటికి పంపేస్తున్నారు. "నేను నోరు విప్పలేదు పిన్నీ. పెద్దమ్మయితే నీ తప్పేం లేదులే అంటుంది. నువ్వు అనవు. నీ జవాబు వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా."

పిన్ని హాస్టల్ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆదివారం కదా, ఎవరూ ఎత్తలేదు. గబగబా టైపు చేసింది: తప్పు నీదే. ఇప్పుడే వెళ్ళి చెప్పు. ఏమన్నా పడు. తెల్లారేసరికి నేను నీ పక్కనుంటా.

మెయిలు కదల్లేదు. పెట్టె నిండిపోయింది, పాతవి తీసెయ్యమని తెర మీద ఎర్రటి గీత. అందులో ఉన్నవన్నీ పిల్ల మెయిళ్ళూ, ఫొటోలూ. ఒక్కటి కూడా చెరపడానికి పెద్దమ్మ ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు. వాటన్నిటినీ తుడిచిపారెయ్యాలని పిన్నికి ఎన్ని ఆదివారాలు అనిపించిందో! తీరా ఆ పని మీద పడేసరికి మౌస్ మీద చెయ్యి ఆడలేదు.

"ఏం రాసింది?" అంది పెద్దమ్మ.

పిన్ని ఆ ఎర్ర గీతను వేలితో చూపించింది. పెద్దమ్మ తెర వైపు చూసి, పిన్ని మొహం వైపు చూసింది. ఆ చూపు పిన్నికి కొత్తది కాదు. ఏళ్ళ తరబడి తను అద్దంలో చూసుకుంటున్నదే.

"నాకు చెప్పేది కాదన్నమాట," అంది పెద్దమ్మ. "సరే. మొదట్నుంచీ తీసుకుంటూ రా. నీ జవాబుకు దారియ్యి."

పిన్ని తీసేస్తూ పోయింది. ఒక్కొక్కటీ మాయమవుతుంటే పెద్దమ్మ పెదాలు కదుపుతూ వాటిని చివరిసారి చదువుకుంటోంది. ఎక్కడో ఒకచోట నవ్వింది కూడా. జవాబు వెళ్ళిపోయింది.

పిల్ల వెళ్ళి చెప్పింది. స్నేహితురాలు సర్దుకున్న బట్టలు తిరిగి బీరువాలో పెట్టుకుంది. పిల్లను మాత్రం ఒక ఏడాది వెనక్కి వేశారు. పొద్దున్నే చేరుకున్న పిన్ని ఆ మాట విన్నప్పుడు దాని చెయ్యి పట్టుకునే ఉంది.

ఇప్పుడు పిల్ల మెయిళ్ళలో కొన్ని వాక్యాలు ఒకరికి, కొన్ని ఇంకొకరికి తేటగా కనబడుతున్నాయి. వేరే గతి లేక ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఎవరి వాక్యాలు వాళ్ళు రెండోవాళ్ళకు చదివి వినిపిస్తారు. పిన్ని తనవాటిలో ఒకటీ అరా మింగేస్తుంది. పెద్దమ్మ కూడా మింగుతోందని ఆమెకు తెలుసు. ఆ చోటు రాగానే పెద్దమ్మ గొంతు కాస్త తగ్గుతుంది. పిన్ని ఏమీ అడగదు. కళ్ళు మాత్రం, తెర మీద ఆ కాస్త మసక మీదే ఉంచుతుంది.