మాట తెగని నడక

ఆళ్లగడ్డలో దూది ఏకి పరుపులు కుట్టే సైదా సాహెబు గుండెపోటు వచ్చి, నంద్యాల ఆసుపత్రిలో బతికి బయటపడ్డాడు. పంపేటప్పుడు డాక్టరు అతనికీ, భార్య అమీనాకూ విడమరిచి చెప్పాడు.

"మంచానికి అతుక్కోవద్దు. పొద్దున్నే నడువు. పక్కమనిషితో మాట్లాడతా నడవగలిగితే ఆ జోరు నీకు సరిపోతుంది. మాట తెగి ఆయాసమొస్తే తగ్గించు. ఎద బిగిస్తే ఆడనే నిలబడిపో, వెంటనే ఆసుపత్రికి రా. దూది ఏకే విల్లు మాత్రం నేను చెప్పేదాకా ముట్టగాకు."

అమీనా ఆ మాటను గట్టిగా పట్టుకుంది. రోజూ చాగలమర్రి రోడ్డు మీద పక్కనే నడుస్తూ ఏదో ఒకటి అడిగేది. అతని జవాబు మధ్యలో తెగితే చాలు, చేయి పట్టి ఆపేది. ఇంటికొచ్చాక విల్లు తనే అందుకునేది.

ఎండలు తగ్గేసరికి అతనికి ఆకలి పుట్టింది, నిద్ర పట్టింది. వంతెన దాకా పోయినా మాట తెగడం లేదు. డాక్టరు చూసి, ఇంకొంచెం దూరం నడవమన్నాడు. సైదా పసివాడిలా మురిసిపోయాడు.

అన్న మాబు సాహెబుకు మాత్రం ఈ నడక గిట్టలేదు. ఒకరోజు టీ అంగడి ముందు అందరూ వినేలా అన్నాడు:

"పెండ్లాం విల్లు కొడతాంటే నువ్వు నవాబు మాదిరి షికారు తిరుగుతాండావ్. నాయన ఉంటే మొగాన ఉమ్మేసేటోడు."

అందరూ నవ్వారు. సైదా తలొంచుకుని ఇంటికొచ్చాడు.

మర్నాడు అమీనా పిండి ఆడించడానికి పోగానే తలుపేసుకుని విల్లు తీశాడు. కాసేపటికే ఎద బిగిసింది. ఆపాలని తెలుసు. కానీ ఆ నవ్వులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఆపలేదు. అమీనా వచ్చేసరికి దూదిలో బోర్లా పడి ఉన్నాడు.

మళ్లీ ప్రాణం మిగిలింది. గుండె మాత్రం బాగా దెబ్బతింది. నడక మళ్లీ మొదటినుంచి, అదీ వసారాలోనే మొదలుపెట్టాలన్నాడు డాక్టరు. దూది పని ఇక మరిచిపొమ్మన్నాడు.

మాబు సాహెబు బత్తాయిలు తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "డాక్టరు అంత చెప్పినా విల్లు ఎందుకు పట్టినావప్పా? బుద్ధి ఉండొద్దా?" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే. తానన్న మాట అతనికి గుర్తే లేదు.

టీ అంగడి సంగతి సైదా భార్యకు చెప్పుకోలేదు. చెప్పడానికి సిగ్గేసింది.

"తప్పయిపోయిందన్నా" అన్నాడు.

"ఎవురి మాటా వినడు బావా, మొండి మనిషి" అంటూ అమీనా బత్తాయి ఒలిచి, మొదటి తొన మాబు సాహెబు చేతిలో పెట్టింది.