ఆషాఢ పున్నమి రిపోర్టు

ఎమర్జెన్సీ రోజుల్లో గోడలకి చెవులుంటాయనేవారు. గోపాలపట్నంలో నూకాలు ఇంటి గోడకైతే ఎదురుగా ఏకంగా ఒక కానిస్టేబులే ఉండేవాడు. పేరు సీతారామాంజనేయులు, గోదావరి మనిషి. ఎవరికీ తెలియకుండా కాపలా కాయమన్నారని పంచె కట్టుకొచ్చాడు గానీ, కాళ్ళకి డిపార్టుమెంటు బూట్లు అలాగే ఉంచేసుకున్నాడు మహానుభావుడు. మొదటి రోజే వీధంతా దణ్ణాలు పెట్టింది.

నూకాలు మొగుడు జగ్గయ్య పోర్టులో కలాసీ, యూనియన్ మనిషి. దొరికితే జైలే గనక ఏడాదిగా సబ్బవరం వైపు ఎక్కడో దాక్కున్నాడు. ఇంటికొస్తే పట్టుకోవాలని ఈయన కాపలా. రోజూ సాయంత్రం పుస్తకంలో ‘ఎవరూ రాలేదు’ అని రాసుకునేవాడు.

“సిమ్మాచలం అప్పన్న సామే ఏడాదికోసారి నిజరూపం సూపిత్తాడు. మీకు మా ఆయన దర్సనం రోజూ కావాలంటే ఎలాగ బాబూ?” అని నూకాలు మజ్జిగ ఇచ్చి మరీ ఆటపట్టించేది.

కార్తీకమాసంలో ఆ నవ్వులు ఆగిపోయాయి. నూకాలుకి కడుపు కనిపించింది.

అత్త జోగమ్మ మూడు రోజులు కోడలితో మాట్లాడలేదు. జోగమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే తను వచ్చి వెళ్ళిన సంగతి అమ్మకి కూడా చెప్పొద్దని జగ్గయ్య పెళ్ళాం చేత ఒట్టు వేయించుకున్నాడు. చెబితే మొగుడికి జైలు, చెప్పకపోతే తనకి చెడ్డపేరు. ఒట్లు వేయించుకునే మగాళ్ళకి కడుపొస్తే తెలిసొచ్చేది.

నాలుగో రోజు జోగమ్మ కోడలి రెక్క పట్టుకుని కానిస్టేబులు ముందుకి లాక్కొచ్చింది.

“నువ్వు సెప్పు బాబూ. నా కొడుకు ఇంటికొచ్చినాడా?”

ఆయన పుస్తకం మొదట్నించీ తిరగేశాడు. “ఏ రోజూ రాలేదండీ. రాసుంది కదండీ.”

నూకాలుకి ఒళ్ళు మండింది. తన కాపరం సంగతి తేల్చడానికి ఆ పుస్తకం ఎవరు?

“ఆసాడ పున్నమికి ఏటి రాసినారు బాబూ?”

“ఎవరూ రాలేదనేనండి.”

“ఆ దినం మీరెక్కడున్నారు?”

సీతారామాంజనేయులు తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆ రోజు సింహాచలం కొండ చుట్టూ గిరిప్రదక్షిణకి వీధి వీధంతా కదిలింది. నూకాలు ఒక్కతే జ్వరమని ఇంట్లో ఉండిపోయింది.

“నా పక్కనే నడిసినాడు గదే. నా కొబ్బరికాయల సంచి ఈ బాబే మోసినాడు,” అంది జోగమ్మ నెమ్మదిగా. అన్నాక ఆమెకి అర్థమైంది. ఆయనకీ అర్థమైంది. ఇప్పుడు రాస్తే జగ్గయ్యతో పాటు కాపలా వదిలేసిన తనూ ఇరుక్కుంటాడు. పుస్తకం మూసి, పంచె దులుపుకుని, వీధి చివర ఏదో పనున్నట్టు లేచాడు.

జోగమ్మ కోడల్ని క్షమించమని అడగలేదు. అత్తలు అడగరు. అక్కడే అరుగు మీద కూలబడి, పోలీసు ఇంకా నాలుగడుగులు వెయ్యకముందే, గొంతైనా తగ్గించకుండా అడిగింది.

“సిక్కిపోనాడేటే మావోడు?”

“సిక్కినాడత్తా. నీ కోసం ఇల్లంతా ఎతికినాడు.”

“ఆడు ఇల్లు సేరాలనే గదే నాను ఆ కొండ సుట్టూ తిరిగినాను,” అని జోగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.